మావయ్య బండికి నేను కుదిర్చిన జోడీ

ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా కొలతల్లోనే కనిపించేది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పూర్తి చేసి, పంపుసెట్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో అప్పుడే చేరి, మావయ్య వాళ్లింట్లో ఉంటున్నాను. "కూరలో ఉప్పు సరిపోయిందా బాబూ" అని అత్తయ్య అడిగితే, "ఉత్తి కూరకా అత్తయ్యా, అన్నంలో కలిపాకా" అని ఎదురడిగేవాణ్ని. (ఆవిడ రెండోసారి అడగడం మానేసింది.) అలాంటి నా చేతికి మావయ్య తన బండి అప్పగించాడంటే అది ఆయన మంచితనమే తప్ప నా అర్హత కాదు.

మావయ్య కడియంలో ఒక మొక్కల నర్సరీలో గుమస్తా. రోజూ కాలవగట్టు మీదుగా నూట యాభై సీసీ బండి మీద వెళ్లి వచ్చేవాడు. ఆ గట్టు మీద మావాళ్లకొక పద్ధతుంది. తెలిసిన మనిషి ఎదురైతే బండి నెమ్మది చేసి "వందనాలండి" అనాలి. అవతలివారు "వందనాలండి, ఎందాకా?" అంటారు. ఎందాకో ఇద్దరికీ తెలిసినా సరే, చెప్పాలి. పెద్దవాళ్లయితే కాలు కింద పెట్టి మాట్లాడాలి గానీ ఇంజన్ ఆపకూడదు; ఆపితే కూర్చోడానికొచ్చారనుకుని కాఫీకి నీళ్లు పెట్టేస్తారు. ఈ విద్యలో మావయ్యను మించినవాడు మా ఊళ్లో లేడు. అందుకే ఆ ఏడు మా లూథరన్ చర్చిలో సంఘ పెద్ద ఎన్నికకు ఆయన్ని నిలబడమన్నారు. తాతయ్య ఒకప్పుడు నిలబడి ఓడిపోయిన పదవి అది. "నాకెందుకండి ఇవన్నీ" అంటూనే మావయ్య కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. పోటీగా గడియారం మాస్టారు నిలబడ్డారు. రిటైరైన లెక్కల మాస్టారాయన. ప్రసంగం సాగిపోతుంటే ముందు వరసలోంచి పాస్టరు గారికి చేతి గడియారం చూపించేవారు కాబట్టి ఆ పేరు. ఆయనది సైకిలు.

"అల్లుడూ, బండి పొగ కొడుతోందిరా. ఎన్నిక లోపల ఇంటింటికీ తిరగాలి. కాస్త చూడు" అన్నాడు మావయ్య.

"సిలిండర్ అరిగి బోరుకొచ్చింది మావయ్యా. ఎలాగూ ఇంజన్ విప్పుతున్నాం కాబట్టి కొంచెం పవర్ కూడా పెంచుదామండి."

"పెంచితే ఏమవుద్ది?"

"వంతెన ఎక్కేటప్పుడు గేరు మార్చక్కర్లేదండి."

"ఎక్కాక ఆగుద్దా?"

"ఎందుకాగదండీ" అన్నాను. ఆ ప్రశ్న ఆయన ఇంకోసారి గట్టిగా అడిగి ఉండాల్సింది.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పక తప్పదు. (ఇష్టం లేనివారు ఈ పేరా దాటేయవచ్చు, మావయ్య కూడా ఇక్కడే లేచి స్నానానికి వెళ్లిపోయాడు.) పిస్టన్ తల పైకి ఉబ్బి ఉంటే పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమాన్ని ఇంకా గట్టిగా నొక్కుతుంది, అక్కడ పుడుతుంది బలం. వాల్వులు ఎంత ఎత్తుకు, ఎంతసేపు తెరుచుకోవాలో చెప్పేది కామ్. చూడ్డానికి కోడిగుడ్డును నిలువుగా కోసినట్టుంటుంది. పిస్టన్ ఒక్కటే మార్చి పాత కామ్ ఉంచితే నొక్కుడు ఎక్కువై ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే కామ్ ఒక్కటే వేస్తే, నొక్కాల్సిన మిశ్రమం కాస్తా వెనక్కి జారిపోయి బండి నీరసపడుతుంది. కాబట్టి ఇద్దరికీ ఈడూజోడూ చూడాలి. నేను చూశాను. పెళ్లిళ్ల పేరయ్య కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు. రాజమండ్రిలో సిలిండర్ బోరు చేయించి, ఉబ్బు తల పిస్టన్నూ దానికి తగిన కామ్‌నూ తెప్పించాను. పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వులకు తగులుతుందేమో చూడ్డానికి, అత్తయ్య తను పాఠాలు చెప్పే ఒకటో తరగతి పిల్లల కోసం కొన్న ఆకుపచ్చ రంగు బొమ్మల మట్టి పిస్టన్ మీద అద్ది, ఇంజన్ను చేత్తో తిప్పి, మళ్లీ విప్పి, ఆ మట్టి మందం కొలిచాను.

"మట్టి ఏది బాబూ? పిల్లలు ఏనుగు చేయాలి" అంది అత్తయ్య.

"ఇంజన్లో ఉందత్తయ్యా."

"ఏనుగుకి తోకైనా మిగల్చు."

అంతా బిగించి మిట్టమధ్యాహ్నం గట్టు మీద నడిపి చూశాను. స్పీడు ముల్లు సగం దాటేదాకా బండి దగ్గుతూ నడిచింది. దాటాక నన్ను వెనక నుంచి ఎవరో తోసినట్టయింది. కొబ్బరిచెట్లు విడివిడిగా కనిపించడం మానేశాయి. నేను పాడుకుంటూ ఇంటికొచ్చాను. దగ్గు సంగతి మావయ్యకు చెప్పలేదు; అది గణితం ప్రకారం రావలసిన దగ్గే కాబట్టి లోపం కింద లెక్కేయలేదు.

మర్నాడు సాయంత్రం మావయ్య జుట్టంతా వెనక్కి దువ్వినట్టుగా ఇంటికొచ్చాడు.

"బాగుందా మావయ్యా?"

"బానే ఉందిరా. కానీ ఎక్కడా ఆగట్లేదు."

"బ్రేకులు బిగించానండీ."

"బ్రేకులు కాదురా. నేనాగితే అదీ ఆగిపోతోంది. మళ్లీ కిక్ కొడితే అది నన్ను కొడుతోంది" అని కుడికాలు చూపించాడు.

ఆ జోడీ వేగంలోనే కాపురం చేసే జోడీ. నెమ్మది చేస్తే చచ్చిపోయేది. దాంతో మావయ్య ఆగకుండానే పలకరించడం మొదలుపెట్టాడు. ఆయన "వందనాలండి" అంటే "వం" ఒకరికి చేరేది, "దనాలండి" పక్కింటివారికి చేరేది. ద్రాక్షారామం నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన ఒకావిడ ఉంది. అందరికీ ద్రాక్షారామం పెద్దమ్మే. ఆవిడ మాటంటే చర్చిలో ఆడవాళ్ల చేతులన్నీ లేస్తాయి. ఆవిడ గుమ్మం ముందు మాత్రం మావయ్య సాహసించి కాలు కింద పెట్టి, ఇంజన్ ఆగిపోకుండా యాక్సిలరేటర్ రైజ్ చేస్తూ మాట్లాడాడు. ఆ సాయంత్రమే ఆవిడ ఇంటికొచ్చి, "మీ ఆయన నామీద గుర్రుమన్నాడమ్మా. నేనేమన్నానని?" అని అత్తయ్యను అడిగి వెళ్లింది.

"ఏవండీ, ఊళ్లో ఏమంటున్నారో తెలుసా?" అంది అత్తయ్య అన్నం వడ్డిస్తూ. "ఇంకా పెద్ద కాకముందే ఇంత పొగరైతే అయ్యాక పట్టగలమా అంటున్నారు. మాస్టారు సైకిలు దిగి మరీ పలకరిస్తున్నారంట."

మావయ్య ముద్ద కలపడం ఆపి నా వైపు చూశాడు. "పాత కామ్ పెట్టెయ్యరా."

"అదొక్కటీ పెడితే పిస్టన్ ఒప్పుకోదండి. రెండూ మార్చాలి. కొత్త సైజుకు సరిపడే మామూలు పిస్టన్ రావాలంటే ఎన్నిక అయిపోతుంది."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"ముల్లు సగానికి తగ్గకుండా పలకరించండి మావయ్యా."

అత్తయ్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు సర్దింది. మావయ్య మాత్రం నవ్వలేదు. "మా నాన్న ఓడిపోయినా ఆయన్ని పొగరుబోతని ఎవరూ అనలేదురా" అన్నాడు.

ఎన్నిక ముందు శనివారం నన్ను వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. బండి ఎంచి ఎంచి గడియారం మాస్టారి ఇంటి ముందే ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదు. మాస్టారు గేటు తీసుకుని వచ్చి, "అలా వదిలేసి ఎలా వెళ్తారండీ. మీరు హ్యాండిల్ పట్టుకోండి, నేను తోస్తాను" అన్నారు. నేను స్పానర్ల సంచితో వెనక నడిచాను. మా ఇల్లు ఊరికి ఆ చివర. గుమ్మం గుమ్మానికీ జనం వచ్చి "ఏంటండి, ఏమైందండి" అనడం, మావయ్య ఆగి, ఆయాసం తీర్చుకుని, పిల్లల చదువుల నుంచి మోకాళ్ల నొప్పుల దాకా అన్నీ అడగడం. రెండిళ్లల్లో మజ్జిగిచ్చారు. మాస్టారు కూడా పక్కనే నిలబడి తన ప్రచారం తాను చేసుకున్నారు గానీ, చెమటలు మావయ్యకే ఎక్కువ పట్టాయి.

"ఈ బండేంటయ్యా, నీకే లొంగట్లేదు. ఆ రోజు గుర్రుమంది ఇదేనా?" అంది ద్రాక్షారామం పెద్దమ్మ.

"ఇదేనండి. చేసినవాడు వీడండి" అని మావయ్య నన్ను చూపించాడు. ఆవిడ నన్ను తలనుంచి కాళ్లదాకా చూసి, మజ్జిగ నాకు తప్ప ఇద్దరికీ ఇచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు మావయ్య పేరు చదివి, ఎవరైనా మాట్లాడతారా అని అడిగారు. పెద్దమ్మ లేచింది. "బండి మీదుంటే నమ్మలేమండి. దిగితే మాత్రం మంచోడే" అని తన చెయ్యెత్తింది. వెనకాల ఆడవాళ్ల చేతులన్నీ లేచాయి, మావయ్య గెలిచాడు. మావయ్య కొత్త చొక్కా జేబు సవరించుకుంటూ తలవంచుకుని కూర్చున్నాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూడలేదని ఈనాటికీ ఆయన నమ్మకం.

తర్వాత ఇంజన్ను మళ్లీ మామూలుగా మార్చేశాను. బండి బుద్ధిగా అందరి దగ్గరా కాలు కింద పెట్టేంత నెమ్మదిగా నడిచింది. ఇప్పుడు అదే గట్టు మీద నా బండి మీద వెళ్తూ నేనూ ఆగి ఎందాకో చెబుతాను. చెప్పి, అవతలివారు మొహమాటంగా నిలబడి ఉన్నారు కదా అని, ఆ పిస్టన్-కామ్ జోడీ సాంకేతికంగా ఎంత చక్కగా కుదిరిందో కూడా వివరించబోతాను. అప్పుడు మాత్రం ప్రతివాడికీ ఏదో అర్జంటు పని గుర్తొస్తుంది.