తాబేలు పిల్ల పక్కన పిండి గిన్నె

ఆంటీ మా ఇంటికి దేనికోసం వచ్చేది? కొన్నేళ్లుగా ఈ ప్రశ్న నా దగ్గరే ఉంది. ఎప్పుడైనా నవ్వుతూ అడిగేద్దాం అనుకుంటూనే ఉన్నాను. పోయిన నెల ఒక పొద్దున పక్కింటి అంకుల్ కంచె దగ్గరికి వచ్చి, "మీ ఆంటీ వెళ్లిపోయిందమ్మా, నిద్రలోనే" అన్నారు. అడగాల్సిన మనిషి లేకుండా పోయింది.

ఏడుస్తూ రాస్తే ఆవిడకి నచ్చదు. అందుకని తాబేలుతో మొదలుపెడతాను.

సిడ్నీ శివారు గిరావీన్‌లో మేం అద్దెకి దిగిన ఏడాదే మావారికి దేశానికి అవతలి కొసన పెర్త్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడ కానింగ్ వేల్‌లో గది తీసుకుని వెళ్లిపోతూ, మా అమ్మాయి బెంగపెట్టుకోకూడదని, లైసెన్సు తీసుకుని మరీ ఒక తాబేలు పిల్లని కొనిచ్చారు. పొడుగు మెడ తాబేలు. అప్పటికి నా అరచేతిలో సగం లేదు. అమ్మాయి స్కూలుకి పోతే ఇంట్లో నేను, లాప్‌టాప్, ఆ పిల్ల. ముగ్గురిలో ఎవరికీ మాటలు లేవు.

చలికాలం రాగానే అది తిండి మానేసింది. మెడని పక్కకి మడిచి డిప్ప కింద దాచుకుని రాయి మీదే పడుండేది. ముక్కు దగ్గర చిన్న చిన్న బుడగలు. పశువుల డాక్టరు చూసి, నీళ్లు వెచ్చగానే ఉన్నాయి, నీళ్ల పైన గాలే చల్లగా, పొడిగా ఉంది, అది పీల్చి జలుబు చేసింది, ఇలాగే వదిలేస్తే ఊపిరితిత్తులకి పాకుతుంది అన్నారు. మందిచ్చారు. దాని గాజు తొట్టె మీది వేడి దీపం మార్చాను. తొట్టెకి గాజు మూత తెచ్చాను. తేమ కొలిచే మీటరు కొన్నాను. అది చెప్పేది నిజమేనా అని ఇంకో మీటరు కొన్నాను. రెండూ రెండు రకాలుగా చెప్పాయి. నాన్న ఇచ్చి వెళ్లిన పిల్ల పోతే అమ్మాయికి ఏం చెప్పాలి? అదే నా భయం.

అప్పుడు వచ్చింది ఆంటీ, చేతిలో స్టీలు గిన్నెతో. అంతకుముందు కంచె మీదుగా కరివేపాకు ఇచ్చిపుచ్చుకోవడం తప్ప మాకు పెద్ద పరిచయం లేదు.

"మీ తాబేలుకి వేడి దీపం పెట్టారట కదమ్మా. మా ఇల్లు ఐసుపెట్టె. ఇడ్లీ పిండి పులిసి చావట్లేదు. ఓ మూల పెట్టుకోనీ."

తొట్టె పక్క అరలో గిన్నె పెట్టి, వంగి లోపలికి చూసింది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి, నా మీటర్ల వంక కన్నెత్తి చూడలేదు. "గాజుకి చెమటే పట్టలేదేంటే? మూత ఇంకాస్త ఇటు లాగు."

"గాలాడొద్దా ఆంటీ?"

"ఆడాలి. ఈదురుగాలి ఆడక్కర్లా."

ఆ రోజు నుంచి వారానికి రెండు మూడుసార్లు గిన్నెతో దిగేది. గాజు లోపలివైపు వేలితో గీసి, తడి అంటితే "ఇవాళ బావున్నాడు" అనేది. ఒకరోజు వేడి నీళ్లలో తువ్వాలు పిండి, దీపం లేని వైపంతా కప్పేసింది. స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయి బ్యాగు కింద పడేసింది.

"మమ్, షీ ఈజ్ స్టీమింగ్ హిమ్!"

"జలుబు చేస్తే ఆవిరి పట్టరా ఏంటే అమ్మడూ? నీకు పట్టలేదూ మీ అమ్మ?"

"హీ నీడ్స్ ఎయిర్, ఆంటీ!"

"ఓసి నీ ఇంగ్లీషూ!" అని సగం తువ్వాలు తీసేసింది. ఆ సగం కప్పడమే చివరికి ఖాయమైంది.

ఒక మధ్యాహ్నం పిండి పొంగింది. గిన్నె అంచు దాటి, తొట్టె గాజు మీదుగా తెల్లగా కారుతోంది. నేను గుడ్డ పట్టుకుని పరిగెత్తితే ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగు. కదలకు."

లోపల పిల్ల మెడ చాచింది. అంత మెడ ఉందని నేను మర్చిపోయాను. గాజు అవతల జారుతున్న పిండి వెంట తల తిప్పుకుంటూ వచ్చి, నోరు తెరిచి గాజునే టక్కున కొరికింది.

"ఆకలేసిందే మెడగాడికి!" అని ఆంటీ ఒక్క కేక. నేను మూత జరిపి పురుగు ముక్క అందించాను. తినేశాడు. తన పిండి చూసి తాబేలు నోరూరించుకుందని హారిస్ పార్క్ ఇండియన్ కొట్లో కనిపించిన వాళ్లందరికీ చెప్పింది ఆవిడ.

చలికాలం పోయింది. ఆంటీ మాత్రం మానలేదు. ఇక్కడి జనవరి ఎండల్లో, పిండి ఎక్కడ పెట్టినా పొంగే రోజుల్లో కూడా గిన్నె పట్టుకుని వచ్చేది. అదేంటండీ అంటే, "ఎండకి తొందరగా పులిసిపోతుందే. ఇక్కడైతే నువ్వు చూస్తుంటావుగా" అనేది. టీ తాగుతూ, ఇవాళ ఎవరితో మాట్లాడావు అని నన్నడిగేది. ఎవరితోనూ లేదంటే తొట్టె వైపు చూసి, "వెచ్చగా ఉంటే చాలదే, గాలి ఎండిపోకూడదు" అనేది. తాబేలు గురించే అనుకునేదాన్ని.

ఆవిడ పోయాక వాళ్లింటికి సాంబారు తీసుకెళ్లాను. బయట చలి, ఇల్లు మాత్రం హాయిగా వెచ్చగా ఉంది.

"ఆంటీ ఎప్పుడూ, మా ఇల్లు ఐసుపెట్టె అనేవారే?"

అంకుల్ వింతగా చూశారు. "మీ ఆంటీకి చలి పడదమ్మా. హీటరు ఆపనిచ్చేది కాదు. ఓవెన్‌లో లైటు వేసి పెడితే పిండి పొద్దున్నకల్లా పొంగేది."

"మరి మా ఇంటికి ఎందుకు తెచ్చేవారు?"

"నా క్రికెట్ గోల పడలేక అనుకున్నా. నీకేం చెప్పింది?"

ఇద్దరం నవ్వాం. ఆ ఇంట్లో ఆ వారంలో అదే మొదటి నవ్వు అనుకుంటాను.

మావారు ఎప్పుడో పెర్త్ నుంచి వచ్చేశారు. మెడగాడు ఇప్పుడు టిఫిను పళ్లెమంత ఉన్నాడు. నిన్న పొద్దున తలుపు తీస్తే అంకుల్. చేతిలో అదే స్టీలు గిన్నె. పిండి కాస్త బరకగా ఉంది, తనే రుబ్బుకున్నట్టున్నారు. "ఇది ఎక్కడ పెట్టేదమ్మా మీ ఆంటీ?" అన్నారు. చూపించాను. గిన్నె అరకి తగిలి ఖంగుమంది. మెడగాడు మెడంతా చాచి అటు తిరిగాడు. అంకుల్ వంగి, కొంచెం సిగ్గుపడుతూ, ఆంటీ చెప్పిందేమో, గాజు మీద వేలితో ఒక గీత గీశారు.

ఆవిడ వచ్చింది పిండి కోసమా, పిల్ల కోసమా, నా కోసమా? ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు తేలలేదు.