గాజుల నాగూర్‌బీ ఇల్లు విప్పించిన రోజు

అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో గాజుల నాగూర్‌బీని ఎరగని ఆడవాళ్లు అరుదు. గాజుల మలారం భుజాన వేసుకుని బుచ్చయ్యపేట దాకా నడిచిపోయేది. ఎంత బిరుసు చేతికైనా మాటల్లో పెట్టి, నొప్పి తెలియకుండా గాజులు ఎక్కించేది. మొగుడు అబ్దుల్ సత్తార్ ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. వయసులో ఉండగానే విషజ్వరంతో పోయాడు. తరవాత కూతురు జోహరాబీని ఆవిడ ఒంటిచేత్తో పెంచింది.

జోహరా చదువులో చురుకు. ఐదో తరగతి పాసయింది గాని, ఆపైన చదవాలంటే మగపిల్లల హైస్కూలే గతి. అక్కడికి పంపడానికి బంధువులు ససేమిరా అన్నారు. పుస్తకాలు అటకెక్కాయి, ఏడాది తిరక్కుండా పెళ్లి జరిగిపోయింది. ఆ దిగులు నాగూర్‌బీని ఏళ్ల తరబడి వదల్లేదు.

అందుకే పందొమ్మిది వందల అరవై నాలుగు వేసవిలో, ఊరి పెద్దలు కమిటీగా ఏర్పడి ఆడపిల్లలకు హైస్కూలు కడతారని వినగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ వెంటనే రెండో మాటా తెలిసింది. ఆ బడి కట్టేది తాముంటున్న సందులోనే. స్థలం ఒక బెల్లం వర్తకుడిది, బడికి రాసిచ్చాడు. తాతల నాటి నుంచి అక్కడ ఉంటున్నవాళ్లు పాత పెంకుటిళ్లన్నీ ఖాళీ చేసి రైలు కట్ట అవతలికి పోవాలి.

సందంతా భగ్గుమంది. జట్కా తోలే తాతబ్బాయి వీధిలో నిలబడి తొడ చరిచాడు.

"నా గోడ మీద పలుగెత్తినోడి సెయ్యి ఇరిసేత్తాను!"

"ఇరిసేక ఏటి సేత్తావు మరిదీ?" అంది నాగూర్‌బీ. "బడి రావాలి. మన గుంటలూ అందులో సదవాలి. కాపోతే మనం ఆకాశం కింద పడుకోకూడదు. ఆ మాట అడుగుదాం పదండి."

నలుగుర్నీ వెంటబెట్టుకుని కమిటీ ప్రెసిడెంటు ఇంటికి వెళ్లింది. కట్ట అవతల కమిటీ కట్టించే కొత్త ఇళ్ల మీద కప్పు పడేదాకా ఇక్కడ ఒక్క పెంకు కూడా కదపబోమని ఆయన చేత మాట తీసుకుని వచ్చింది. జనం కాస్త చల్లబడ్డారు.

కొత్త ఇళ్లకు గోడలు లేచాయి, కప్పులు మాత్రం ఇంకా పడలేదు. ఈలోగా ప్రెసిడెంటు ఏదో పని మీద విశాఖపట్నం వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే కంట్రాక్టరు త్రినాధరావు పలుగులూ పారలూ పట్టించి కూలీలను దింపాడు. వానలు పడకముందే పునాదులు తీయకపోతే ఏడాది పోతుందని అతని తొందర. సందు మొదట్లో అప్పలనర్సమ్మ ఇల్లు. లోపల ఆవిడ కూతురు పైడితల్లి పురిటి మంచం మీద ఉంది, పక్కలో వారమైనా నిండని పసిగుడ్డు. అప్పలనర్సమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని గుండెలు బాదుకుంటోంది. తాతబ్బాయి కర్ర పట్టుకుని వచ్చేశాడు.

పల్లెకు బయల్దేరబోతున్న నాగూర్‌బీ మలారం అరుగు మీద దించి పరుగున వచ్చింది.

"ఏటి బాబూ ఇది? బాలింతరాలు నోపలుంది. ఎండలో పారేత్తారా?"

"నన్నేం చెయ్యమంటావమ్మా? ఇవాళ పని మొదలుకాకపోతే ఈ కూలీలు మళ్లీ దొరకరు," అన్నాడు త్రినాధరావు.

నాగూర్‌బీ గుమ్మం వంకా, తాతబ్బాయి చేతిలో కర్ర వంకా చూసింది. కర్రలు లేస్తే పెద్దలు విసుగెత్తి బడినే వద్దనుకోవచ్చు. ఊరుకుంటే పసిగుడ్డు వీధిన పడుతుంది.

"అయితే ఆ సివర్నుంచి మొదలెట్టండి," అంది. "ఆ సివరిల్లు నాది. ముందు అది ఇప్పండి."

"అప్పా, నీకేటైనా ఎర్రెక్కిందా?" అని అరిచింది అప్పలనర్సమ్మ.

"నాకు పురుడా పుణ్యమా నర్సమ్మా? సెట్టు కిందైనా పడుంటాను. నువ్వు నోపలికెళ్లు, పిల్ల ఏడుత్తంది."

త్రినాధరావు తలూపి కూలీలను అటు మళ్లించాడు. పెంకులు విసిరెయ్యొద్దని, చేతికి చేయి అందించి దింపమని నాగూర్‌బీ పట్టుబట్టింది. కర్ర పక్కన పడేసి మొదటి పెంకు అందుకున్నది తాతబ్బాయే. కాసేపటికి సందులోవాళ్లంతా వరసలో నిలబడ్డారు. పెంకులూ వాసాలూ జట్కా బండికెక్కి రైలు కట్ట దాటాయి.

అక్కడ బండి ఆపి, "వదినా, నీ కొత్తిల్లు ఇటేపు గదా?" అన్నాడు తాతబ్బాయి.

"ముందు నర్సమ్మ కొత్తింటి మీద కప్పండి. పసిదానికి నీడ కావాలి."

తాతబ్బాయి బండిని అటు మళ్లించాడు. పొద్దు వాలేసరికి అప్పలనర్సమ్మ కొత్తింటికి నాగూర్‌బీ పెంకులతో కప్పు పడింది. పైడితల్లిని మంచంతో సహా మోసుకొచ్చి అందులో పడుకోబెట్టారు.

నాగూర్‌బీ మళ్లీ సందుకు వెళ్లింది. సత్తార్ స్వయంగా మట్టి తొక్కి లేపిన గోడ ఒక్కటే మిగిలి ఉంది. కూలీలు దాన్ని తోస్తుంటే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అది కూలాక అక్కడే చతికిలబడి తనివితీరా ఏడ్చింది. కబురు విని వచ్చిన జోహరా భుజం పట్టుకుని లేపింది.

తిరిగొచ్చాక సంగతి విన్న ప్రెసిడెంటు నొచ్చుకున్నాడు. మిగతా ఇళ్ల జోలికి పోకుండా పని ఆపించి, కట్ట అవతల ఒక్కో ఇంటికీ కప్పు వేయించసాగాడు. నాగూర్‌బీ మాత్రం తొలకరి వానలు టార్పాలిన్ కిందే గడిపింది. తన వంతు ఆఖర్న చాలనేది. చివరికి ఆవిడ పల్లెకు వెళ్లిన పూట చూసి, సందులో మగవాళ్లంతా కలిసి తాటాకు తెచ్చి ఇల్లు కప్పేశారు. తిరిగొచ్చి, "నన్నడక్కుండా ఎవుడు సెయ్యమన్నాడర్రా?" అని కోప్పడింది గాని, ఆ పూట అందరికీ తనే టీ కాచి పోసింది.

రెండేళ్లకు బడి తెరిచారు. మొదటి ఏడు ఆరో తరగతిలో చేరిన పిల్లల్లో జోహరా కూతురు సర్వర్ జహాన్ ఒకతె. మనవరాలిని దింపడానికి వెళ్లిన నాగూర్‌బీని హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చోమంది. ఆవిడ కూర్చోలేదు. వరండా వెంట నడుస్తూ ఒక గది ముందు ఆగి, "ఇదుగో, సుమారుగా ఇక్కడే మా వంటిల్లు," అని నవ్వుతూ చూపించింది.

బడికి ఇల్లిచ్చిన మనిషి అని ఎవరైనా పొగిడితే ఆవిడకు నచ్చేది కాదు.

"నేనిచ్చిందేటి? సందంతా ఇల్లొదిలి లేసింది. నేను రవ్వంత ముందు లేసేను, అంతే," అనేసి తన పనిలో పడిపోయేది.