గుంపు చీటీలో హుస్సేన్ వలి పేరు

హుస్సేన్ వలి మీద నాకు కోపం ఇంకా పోలేదు. మంచివాళ్ల మీద వచ్చే కోపంతో ఇదే చిక్కు. నోరారా తిట్టలేం, ఊరుకోనూ లేం.

అతనిది మా రాయచోటి పక్క పల్లెటూరు. ఇరవై రెండేళ్లుగా కువైట్‌లో, సల్వా అనే పేటలో, ఒకే ఇంట్లో వంటవాడు. ఇంటి పెద్దాయన అబూ నాసర్‌ను బాబా అని పిలిచేవాడు. ఇంటిల్లిపాదికీ వండడానికి వేరే మనుషులున్నారు. హుస్సేన్ వలి పని బాబాకు వండటం, అదీ ముఖ్యంగా వేట గుడారాల్లో. గాలికి పొయ్యి నిలవని చోట కూడా నలభై మందికి అన్నం పలుకు పలుకుగా దించేవాడు. డెబ్బై మూడేళ్ల బాబాకు గుండె జబ్బు. ఏ మాత్ర ఏ పూట వేయాలో ఆయన ముగ్గురు కొడుకులకూ తెలియదు, ఇతనికి తెలుసు. అలాంటి మనిషి దొరికితే ఎవరు వదులుతారు?

నేను ఫర్వానియాలో ఒక వేట ఏజెంటు ఆఫీసులో పని చేస్తాను. టీ కాచడానికి చేరాను, ఇప్పుడు దరఖాస్తులు నింపేదీ నేనే. కువైటీలు పరాయి దేశాల కొండల్లో వేటాడాలంటే మా దగ్గరికి వస్తారు. గుర్రాలు, గుడారాలు, దారి చూపేవాళ్లు, తుపాకీ కాగితాలు అన్నీ మావాళ్లే చూస్తారు. మా చేతిలో లేనిది ఒక్కటే, డ్రా.

బాబాకు కావలసిన వేట ఒక కొండల దేశంలో ఉంది. పేరెందుకులెండి. అక్కడ మెలికల కొమ్ముల అడవి పొట్టేళ్లుంటాయి. ఏడాదికి ఇన్నే కొట్టాలని ఆ దేశం వాళ్ల నియమం. అడిగేవాళ్లు వందల్లో ఉంటారు కాబట్టి చీటీలు తీస్తారు. చీటీ రానివాడికి ఏడాదికో పాయింటు కలుపుతారు, ఎక్కువ పాయింట్లున్నవాళ్లవి ముందు తీస్తారు. స్నేహితులు కలిసి పోవాలనుకుంటే అందరి పేర్లూ ఒకే చీటీలో రాయాలి. వస్తే అందరికీ వస్తుంది, లేకపోతే ఎవరికీ లేదు. ఇందులో ఒక కిటుకుంది. గుంపులోని పాయింట్లన్నీ కూడి, ఎంతమంది ఉంటే అంతమందికీ సమానంగా పంచుతారు. ఏళ్ల తరబడి కాచుకున్నవాళ్ల మధ్యకు కొత్తవాడు ఒక్కడు చేరినా గుంపు మొత్తం కిందికి జారుతుంది. ఈ సంగతి మా దొరలకు పట్టదు. చీటీ రానప్పుడు మాత్రం మా మేనేజరు మీద అరుస్తారు.

బాబా, ఆయన స్నేహితులు ముగ్గురు, ఎనిమిదేళ్లుగా ఈ చీటీ కోసం చూస్తున్నారు. ఏటా రాలేదనే కబురే. ఏటా హుస్సేన్ వలితో బాబా అనేవాడు, “ఆ వేటకు నువ్వు వచ్చి వండాలి. తర్వాత ఖలాస్, ఇంటికి పో.”

ఊళ్లో అతని భార్య హమీదా బీ ఉంది. నాలుగేళ్ల కిందట సెలవు మీద వచ్చిపోయినప్పుడు ఆమె అతనితో ఒక మాట చెప్పింది. “ఈసారి వస్తే మళ్ల పోకుండా రా. వచ్చి పోతాంటే నాకు రెండింతలు బాధగా ఉండాది.” ఆ మాట పట్టుకుని ఇతను మధ్యలో సెలవు కూడా అడగలేదు. ఇలాంటి పట్టుదలలు మనిషిని ఎక్కడికి తీసుకుపోతాయో అప్పుడెవరికి తెలుసు?

హమీదా బీకి షుగరు. అది కళ్లకెక్కింది. కిందటి నవంబరులో తిరుపతి డాక్టరు చూసి ఎడమ కన్ను పోయిందన్నాడు. కుడి కన్ను ఒక ఏడాది నిలిస్తే గొప్ప అన్నాడు. ఆ శుక్రవారం హుస్సేన్ వలి మా రూముకు వచ్చి చాపమీద కూర్చున్నాడు. టీ ఇస్తే తాగలేదు.

“కన్ను ఉండంగానే ఒకసారి నిన్ను చూస్తే చాలు అంటాంది రా,” అన్నాడు.

“అయితే పో అన్నా! రేపే బాబాకు చెప్పు.”

చెప్పాడు. అయితే ఏమని చెప్పాడు? భార్యకు ఒంట్లో బాగాలేదన్నాడట, అంతే. కన్ను సంగతి ఎత్తలేదు. బాబా ఆలోచించి, ఫిబ్రవరిలో డ్రా ఉంది కదా అన్నాడు. చీటీ రాకపోతే మార్చిలోనే పొమ్మన్నాడు. వస్తే సెప్టెంబరులో వేట, అది కాగానే పంపిస్తానన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“కన్ను పోతాందని చెప్పకపోతే ఆయనకు ఎట్ల తెలుస్తాది నా?”

“చెప్తే పొమ్మంటాడు రా. ఈ వయసులో ఆయన ఆ కొండలు ఎక్కాల అంటే పక్కన ఎవరుండారు? డాక్టరు ఏడాది అన్నాడు కదా. సెప్టెంబరుకు ఇంకా పది నెలలే.”

డాక్టరు మాటను ఇతను ఇఖామా కార్డు మీద అచ్చువేసిన గడువు తేదీ అనుకున్నాడు.

జనవరిలో బాబా మా ఆఫీసుకు వచ్చాడు. కర్ర పక్కన పెట్టి కూర్చుని, ఈసారి చీటీలో అయిదో పేరు రాయమన్నాడు. షేక్ హుస్సేన్ వలి. వంటవాడిగా కాదు, వేటగాడిగా. వంటవాడిగా అయితే చీటీతో పని లేదు. “ఇరవై రెండేళ్లు నేను కొట్టింది వండాడు, ఈ ఒక్కసారి వాడి చేత కొట్టిస్తాను,” అని నవ్వాడు. అక్కడికక్కడే నా కళ్లు చెమ్మగిల్లాయి, అబద్ధమెందుకు? హుస్సేన్ వలి ఆయన వెనక నిలబడి, చేతులు కట్టుకుని, పెళ్లికొడుకు మాదిరి సిగ్గుపడుతున్నాడు.

నేను మనసులో లెక్క వేశాను. నలుగురికీ ఎనిమిదెనిమిది, మొత్తం ముప్పై రెండు. అయిదుగురికి పంచితే ఒక్కొక్కరికీ ఆరు, మిగిలింది కొట్టేస్తారు. నిరుడు ఏడు పాయింట్లవాళ్లలో సగానికి వచ్చింది, ఆరు వాళ్లలో ఒక్కరికీ రాలేదు. అంటే ఈ పేరుతో చీటీ రాదు. చీటీ రాకపోతే అతను మార్చిలో ఇంటికి పోతాడు. దేవుడే ఆ ముసలాయన నోట ఈ పేరు పలికించాడనుకున్నాను. నోరు మూసుకుని రాసేశాను.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. శుక్రవారం అతను వచ్చినప్పుడు ఆనందం ఆపుకోలేక నా లెక్కంతా విప్పి చెప్పాను. “మార్చిలో నువ్వు హమీదా వదిన ముందర ఉంటావు పో నా!” అన్నాను.

అతను వేళ్ల మీద ఆ లెక్క మళ్లీ వేసుకున్నాడు. తర్వాత అడిగాడు, “నా పేరు లేకపోతే వస్తాదా?”

“ఎనిమిదంటే వచ్చినట్టే.”

“అంటే నా పేరే ఆయనకు అడ్డం పడతాండాది.”

“పడనీ నా! ఆయనకు మళ్లేడు ఉంది. వదిన కంటికి మళ్లేడు ల్యాదు.”

“ఆయన గుండెకు మాత్రం మళ్లేడు ఉంటాదని ఎవురు చెప్పినారు రా? ఎనిమిదేండ్లు నలుగురు కాచుకున్నారు. తెల్సి తెల్సి పాడు చేస్తే ఆ ఉప్పు నాకు అరుగుతాదా?”

ఆ రోజు నేను అతన్ని అనని మాట లేదు. బుద్ధి లేదన్నాను, పెళ్లాం కంటే వీసా ఇచ్చిన కఫీల్ ఎక్కువా అన్నాను. అతను తలొంచుకుని విన్నాడు. మరుసటి రోజు బాబా దగ్గరికి పోయి, తనకు తుపాకీ అంటే భయమని, పేరు తీసేయమని చెప్పాడు. బాబా ఫోన్లో చెబితే నేనే ఆ పేరు కొట్టేశాను.

ఫిబ్రవరిలో చీటీ వచ్చింది. సల్వా ఇంట్లో పొట్టేళ్లు కోసి విందు చేశారు. వండింది ఇతనే.

మార్చి పోయింది, ఎండాకాలం వచ్చింది. శుక్రవారాలు మా రూములోనే ఫోన్ పట్టుకుని హమీదా బీతో మాట్లాడేవాడు. “కనపడతాండానా?” అని అడిగేవాడు. “కనపడతాండావు, బాగా కనపడతాండావు,” అనేది ఆమె. నేనూ నమ్మాను. సెప్టెంబరులో వేటకు పోయారు. బాబా పెద్ద పొట్టేలునే కొట్టాడు. కొమ్ములు పట్టుకుని నిలబడ్డ ఆయన ఫోటో మా ఆఫీసు గోడకు వేలాడుతోంది. ఆయన మొహంలో పసిపిల్లవాడి సంతోషం ఉంది. నేను దానివైపు ఎక్కువ చూడను.

అక్టోబరు మొదటివారంలో హుస్సేన్ వలి ఇల్లు చేరాడు. మూడో రోజు నాకు ఫోన్ చేశాడు.

“వదిన చూసిందా నా?”



“చూపు ఆగస్టులోనే పోయిందంట రా. అంతవరకు నీడ మాదిరి అన్నా తెలిసేదంట. నేను బాధపడతానని చెప్పలా. వచ్చినప్పట్నుంచి నా మొగం తడమతా, చిక్కినావా, ఎంట్రుకలు తెల్లబడినాయా అని అడగతాంది.” గొంతు తగ్గించాడు. “మార్చిలో రావాల్సింది రా గంగాధర్. మార్చిలో వచ్చింటే నన్ను చూసిండేది.”

నేను చెప్పలేదా అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. అతను వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పక్కనుంచి హమీదా బీ గొంతు వినపడింది.

“ఏమయ్యా, ఏడస్తాండావా?”

“లేదు లేదు,” అన్నాడు హుస్సేన్ వలి. “గంగాధర్ ఏందో చెప్తాంటే నవ్వొచ్చింది.”