మా నిద్ర కోసం కొట్టేసిన చెట్టు

2009లో మా ఆఫీసు నా వీసా పొడిగించలేమని చెప్పేసింది. జూన్ మొదట్లో మిషిగన్‌లో మేముండే నోవై వదిలి ఇండియా వెళ్ళిపోవాలి. "వెళ్ళేలోపు ఏం చూడాలని ఉంది?" అని మా ఆయన మురళి అడిగాడు. నయాగరా అంటాననుకున్నాడు పాపం. నేను వడ్రంగిపిట్ట అన్నాను. మామూలుది కాదు, కాకంత ఉండే పైలియేటెడ్ రకం. నల్లటి ఒళ్ళు, నెత్తిన ఎర్రటి కుచ్చు. ఆరేళ్ళలో అడవుల్లో దాని చప్పుడు విన్నానే కానీ ఒక్కసారీ కంటపడలేదు.

మురళి ఫ్రెండ్ రమణ అంతకుముందే టెన్నెసీలోని స్మోకీ కొండలకు వెళ్ళొచ్చాడు. "కేబిన్ బానే ఉంది గానీ, ఎదురుగా ఎండిన చెట్టు మీద ఎర్రతల పిట్టొకటి పొద్దున్నే టకటకా కొట్టి పిల్లల్ని లేపేసేదండీ," అని విసుక్కున్నాడు. ఆ సాయంత్రమే నేను ఆ కేబిన్‌కి ఫోన్ చేశాను. మనకు అలవాటే కదా, రమణ గారి ఫ్రెండ్స్‌మని చెప్పుకున్నాను. యజమాని రేటు తగ్గించి రాత్రికి వంద డాలర్లకే ఇచ్చాడు.

మే నెలలో ఒక శుక్రవారం తెల్లవారుజామున పులిహోర కట్టుకుని బయలుదేరాం. ఐ-75 హైవే పట్టుకుని నేరుగా దక్షిణానికి వెళ్ళడమే, ఆగుతూ వెళ్తే రోజంతా పడుతుంది. కొండ ఎక్కేముందే గ్యాస్ నింపుకోండి, పైన బంకులు లేవు. మేం చేరేసరికి మబ్బు రోడ్డు మీదికి దిగిపోయింది. కేబిన్ ముందు ఏముందో కూడా కనిపించలేదు.

మర్నాడు తెల్లారకముందే వరండాలో కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. మబ్బు కాస్త విడిపోయాక ఎదురుగా కొత్తగా కోసిన మొద్దు, చుట్టూ రంపపు పొట్టు కనిపించాయి. రమణ చెప్పిన ఎండిన చెట్టు అదే.

అప్పుడే యజమాని కట్టెలు మోసుకొచ్చాడు. పెద్దాయన, మంచి మనిషి. "నిద్ర బాగా పట్టిందా?" అని ఇంగ్లీషులో నవ్వుతూ అడిగాడు. "మీ ఫ్రెండ్ ఆ పిట్ట గురించి రెండుసార్లు కంప్లైంట్ చేశాడు. మీరూ ఆయన మనుషులేనని చెప్పారుగా, వచ్చేలోపే చెట్టు కొట్టించేశాను."

"థాంక్యూ," అన్నాడు మురళి.

చెట్టులో గూడు ఉండేదా అని అడిగాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "చెట్టు పడ్డాక చూశాం. పిల్లలు బతకలేదు."

ఆయన వెళ్ళాక మురళి మీద విరుచుకుపడ్డాను. "థాంక్స్ ఎందుకు చెప్పావ్?"

"ఏమనమంటావే? మన కోసమే చేశాడు కదా."

ఆ మాటకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న కాఫీ పారబోసి లోపలికి వెళ్ళబోతుంటే మబ్బులోంచి పిట్ట వచ్చింది. ఎర్రటి కుచ్చుతో, నేను ఊహించినదానికంటే పెద్దది. పక్క చెట్టు మీద వాలి, మొద్దు మీదికి దిగి, చుట్టూ తిరిగి, మళ్ళీ ఎగిరి అరిచింది. చాలాసేపు అలాగే చేసింది. కెమెరా మెళ్ళోనే ఉంది. తీయబుద్ధి కాలేదు.

ఆరేళ్ళు కోరుకున్నది చూశాను. ఇలా చూసేకంటే చూడకుండా వెళ్ళిపోయినా బాగుండేది. రమణ మీద కోపం తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనుకోను. మీరు వెళ్తే, బుక్ చేసేటప్పుడే పిట్టను చూడ్డానికి వస్తున్నామని చెప్పండి. చెప్పకపోతే మనందరికీ కావలసింది నిద్రేనని అనుకుంటారు.