అప్పన్నకు మొక్కిన జుట్టు

మావారి జుట్టు రాలిపోతోందని అందరికంటే ముందు నాకే తెలిసింది. పొద్దున్నే పక్క దులిపేటప్పుడు తలగడ మీద వెంట్రుకలు కనిపించేవి. ఇంకొకరైతే విసుక్కుని దులిపేసేవారు. నేను మాత్రం దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. ఆ జుట్టు మాది కాదు మరి. సింహాచలం అప్పన్న స్వామికి నేను మొక్కేసిన జుట్టు.

అప్పుడు మేం ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ కాలనీ రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మావారు వర్క్‌షాపులో ఫిట్టరు. నేను పెళ్ళై వచ్చేనాటికి ఆయనది ఒత్తైన నొక్కుల జుట్టు. కిటికీ చువ్వకి చిన్న అద్దం వేలాడదీసి, దువ్వెన తడిపి, ముందు జుట్టుని అలలాగా పైకి లేపి, దాని మీద అరచెయ్యి ఆనీ ఆనకుండా ఒత్తేవారు. వర్క్‌షాపు సైరన్ కూస్తున్నా సరే, అది అయ్యాకే సైకిలెక్కేవారు. మసి అంటకుండా పనిలో తలకి రుమాలు చుట్టుకునేవారు.

మా అమ్మాయికి నడక వచ్చిన ఏడు టైఫాయిడ్ వచ్చింది. రైల్వే ఆసుపత్రిలో పడుకోబెట్టారు. పిల్ల కళ్ళు తెరవలేదు, పాలు దిగలేదు. నాకు బడి చదువు లేదు. మా నాన్న ఇంట్లో పలక మీద దిద్దించిన అక్షరాలతోనే రోజూ సహస్రనామం చదువుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో కూర్చుంటే ఒక్క నామమూ గుర్తుకు రాలేదు. “సామీ, పిల్లని నాకిచ్చేయి. దాని తండ్రి తలనీలాలు నీకిప్పిస్తాను” అనేశాను. సాయంత్రానికి జ్వరం దిగడం మొదలైంది. ఆ డాక్టరుకి, నర్సమ్మకి కూడా నేను దండం పెట్టాను. స్వామి ఎవరి చేతుల్లోంచి పని చేయిస్తాడో మనకేం తెలుసు?

పిల్ల ఇంటికొచ్చాక సంగతి చెప్పాను. మావారు అద్దం ముందు నుంచి గిరుక్కున తిరిగారు.

“ఏటీ? మొక్కింది నువ్వు, గుండు నాకేటి?”

“పిల్ల మీదే గదండీ.”

“నీది గాదేటి? నీ జుట్టు మొక్కుకోలేకపోనావా?”

“మా ఇంట ఆడోల్లు మూడు కత్తెర్లే ఇస్తారు గానీ గుండు సేయించుకోరు. మీకు తెల్దా?”

“బాగుందే నీ బేరం! సామి కూడా నన్నొక్క మాట అడగలేదు” అన్నారు. అన్నారే గాని కాదనలేదు. పిల్లని ఎత్తుకుని దాని తల నిమురుతూ, “ఎల్దాంలే, రైలు పాసు రానీ” అన్నారు.

పాసు వస్తూనే ఉండేది. ఒకసారి ఆడపడుచు పెళ్ళికి, ఒకసారి మామగారి సంవత్సరీకానికి, ఒకసారి మా తమ్ముడి ఒడుగుకి. వాల్తేరు దాటి వెళ్ళేవాళ్ళం, వచ్చేవాళ్ళం. కొండ కనిపించినప్పుడు నేను రైలు కిటికీలోంచి దండం పెట్టుకునేదాన్ని, ఆయన అటు తిరిగి పేపరు చదువుకునేవారు. పెళ్ళిలో గుండుతో ఏం బాగుంటుంది, వచ్చే ఏడు చూద్దాం అనేవారు. అమ్మాయి బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇదిగో, అప్పుడే తలగడ మీద వెంట్రుకలు కనిపించసాగాయి.

ముందు కణతల దగ్గర పలచబడింది. తర్వాత ఆ అల కాస్తా కిందికి వాలింది. నడినెత్తిన చర్మం మెరవడం మొదలయ్యేసరికి వర్క్‌షాపులో బెంగాలీ స్నేహితులు “కీ టేకో దాదా!” అని పలకరించసాగారు. టేకో అంటే బట్టతల వాడని. ఆయన నవ్వుతూనే ఇంటికొచ్చి చెప్పేవారు. చెప్పాక మాత్రం అన్నం సగంలోనే చెయ్యి కడుక్కునేవారు.

మందులు మొదలయ్యాయి. గుంటగలగరాకు రసం తీసి, ఇనప మూకుడులో నువ్వుల నూనెతో కాచి నేను రోజూ మర్దనా చేసేదాన్ని. ఒక హోమియోపతీ డాక్టర్‌బాబు తీపి గుళికలిచ్చి ఉల్లిపాయ తినొద్దన్నాడు. గోల్ బజారులో ఒక హకీము ఉల్లిపాయ రసమే తలకి పట్టించమన్నాడు. మావారు ఇద్దరి మాటా విన్నారు. నోట్లో గుళిక, నెత్తిన ఉల్లిపాయ. అమ్మాయి ముక్కు మూసుకుని పెరట్లో కూర్చుని లెక్కలు చేసుకునేది.

పక్క క్వార్టర్ దీదీ ఒకరోజు మధ్యగోడ మీదుగా తన వచ్చీరాని తెలుగులో చెప్పింది: “ఏ నూనె ఒద్దు. దాదాకి గుండు చేయించు. మల్లీ బాగా మందంగా ఒస్తాది.”

నా ప్రాణం లేచొచ్చింది. స్వామే ఆవిడ నోట పలికించాడనుకున్నాను. ఆ పూటే మావారితో అన్నాను, “ఇన్నారా? మొక్కూ తీరతాది, జుట్టూ వొస్తాది” అని.

ఆయన నవ్వలేదు. “రాకపోతేనో?” అన్నారు. “ఉన్న నాలుగూ తీసేసినాక అసలు రాకపోతే? అప్పుడు మీ దీదీ తెచ్చి అంటిస్తాదా?”

ఆయనకి భయం జుట్టు పోతుందని. నా భయం వేరు. ఇవ్వడానికి ఏమీ మిగలకముందే కొండెక్కాలి. బట్టతలతో తీసుకెళ్ళి స్వామి ముందు ఎలా నిలబెట్టను? పిల్లని చూసినప్పుడల్లా అదే ఆలోచన. దానికి పడిశం పట్టినా పదేపదే నుదురు తడిమి చూసేదాన్ని.

చివరికి రైల్వే ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు మావారి తల అటూ ఇటూ తిప్పి చూసి, ఇది తండ్రి తాతల నుంచి వచ్చిన బట్టతల, నూనెలతో తిరిగి రాదని నిజం చెప్పారు. ఆ నిజానికి కూడా నేను ఆయనకి రుణపడి ఉన్నాను. అయితే కలకత్తాలో ఒక డాక్టరు కొత్త ఆపరేషన్ చేస్తున్నారని, కావాలంటే చీటీ రాసిస్తాననీ అన్నారట.

మావారు సైకిలు దిగుతూనే మొదలుపెట్టారు. “ఎనకాల జుట్టు ఎప్పటికీ రాలదంట. అక్కడ్నించి సిన్న సిన్న బిళ్ళలుగా, వేళ్ళతో సహా తీసి ముందర నాటతారంట. మనూర్లో ఉభాలు సూసినావు గదా? ఆకుమడిలో నారు పీకి పొలంలో నాటడం? అచ్చం అదే!”

“నెత్తి మీద ఉభాలేటండీ! నొప్పి గాదా?”

“సూదిమందు ఇస్తారులే.”

ఆయన మొహంలో ఆ వెలుగు చూసి వద్దనలేకపోయాను. లోపల మాత్రం చివుక్కుమంది. ఇంత కష్టపడి తెచ్చుకున్న జుట్టుని ఇక ఈయన కత్తికి ఇస్తారా?

కలకత్తా ఆసుపత్రిలో వెనక భాగం పొట్టిగా కత్తిరించి, తలంతా సూదులు పొడిచి, ఆయన మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేశారు. నేను బయట బల్ల మీద కూర్చుని ఈసారి నామాలు తప్పకుండా చదివాను. ఆయన బయటికొచ్చేసరికి తలకి ఇంత తెల్లటి కట్టు, పాగాలాగా. మొహం వాచిపోయింది. వస్తూనే చొక్కా జేబులోంచి ఒక కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టారు.

“ఏటండీ ఇది?”

“కత్తిరించిన జుట్టు. పారెయ్యబోతే అడిగి తెచ్చినాను. నీ అప్పన్నకి.”

నేను ఆ పొట్లం పట్టుకుని తెల్లబోయాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆపరేషన్ గదిలో నెత్తురు కారుతుంటే కూడా స్వామిని మరవలేదు గదా అని సంతోషం. దీంతో మొక్కు తీర్చేద్దామనుకుంటున్నారా అని బెంగ. రైల్లో ఎదురుగా కూర్చున్నతను “యాక్సిడెంటా దాదా?” అని జాలిపడి కిటికీ పక్క సీటిచ్చాడు. మావారు కాదనకుండా కూర్చున్నారు. పొట్లం ఇంటికి తెచ్చి దేవుడి గూట్లో పసుపు డబ్బా పక్కన పెట్టాను.

కొన్ని వారాలకి నాటిన వెంట్రుకలన్నీ రాలిపోయాయి. అలా జరుగుతుందని, కంగారు పడొద్దని డాక్టరు ముందే చెప్పారట. అయినా మావారు అద్దం తీసి పెట్టెలో పెట్టేశారు. వర్క్‌షాపుకి టోపీ పెట్టుకుని వెళ్ళి టోపీతోనే వచ్చేవారు. నేను నూనె మానేసి, రోజూ గూటి ముందు ఒక్క మాటే అడిగేదాన్ని: “సామీ, ఆయన జుట్టు ఆయనకిచ్చేయి. నీకిచ్చేది తర్వాత చూసుకుందాం.” మొక్కుకుని తీర్చని మనిషి మళ్ళీ అడగడమా అని సిగ్గేసేది. ఇంకెవర్ని అడగను?

వానలు పట్టాక ఒక ఆదివారం అమ్మాయి ఆయన వెనక నిలబడి, “అమ్మా, ఇలా రా! నాన్నకి మొలకలొచ్చినాయి!” అని అరిచింది. గుండ్రటి మచ్చల్లోంచి నల్లగా, గరుగ్గా వెంట్రుకలు. దుర్గాపూజ పందిళ్ళు లేచేసరికి కుచ్చులు కుచ్చులుగా, బూటు బ్రష్షులాగా పెరిగాయి. పాత అల రాలేదు. అయినా అద్దం మళ్ళీ కిటికీ చువ్వకి ఎక్కింది. ఆయన దువ్వెన తడపడం చూసి నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఇక అడగకూడదని. పొట్లం హుండీలో వేసి, నావి మూడు కత్తెర్లు ఇచ్చి, మిగతాది క్షమించమందాం అనుకున్నాను. మొక్కు సంగతి నేను ఎత్తలేదు.

ఆయనే ఎత్తారు. “పాసు రాయించినాను. సిమ్మాచలానికి” అన్నారు ఒకరోజు కాళ్ళు కడుక్కుంటూ.

వాల్తేరులో మెయిలు దిగి, అమ్మాయిని తీసుకుని బస్సులో కొండెక్కాం. తలనీలాలు తీసే చోటికి ఆయన ముందు నడుస్తున్నారు. నేను వెనకనుంచి చొక్కా పట్టుకుని ఆపాను.

“ఏటండీ, ఒద్దు. పొట్లం తెచ్చినాను. ఇది ఏసేద్దాం. సామి కాదనడు.”

“పొట్లంలోది ఎనకాల జుట్టే. ఎప్పుడైనా సూసుకున్నానేటి దాన్ని? అది ఇస్తే నాకేటి పోతాది?” అన్నారు. “నువ్వు మొక్కింది నాను దువ్వుకునే జుట్టు.”

“మల్లీ రాకపోతే?”

“వేళ్ళు దిగినాక ఎన్నిసార్లు గీసినా వొస్తాదన్నాడు డాక్టరు. కత్తి పడనిచ్చేముందే అడిగినాను.”

“మరి ఆ పొట్లమెందుకు తెచ్చినారు?”

ఆయన మెట్ల కేసి చూశారు. “నాటింది బతక్కపోతే? పిల్ల పేరు సెప్పుకుని ఉత్త సేతుల్తో ఎలా వొస్తాను?”

ఇన్నేళ్ళూ ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను.

“అయితే ఆపరేషను సామి కోసమేనా?” అన్నాను.

“సగం. సగం సోకే. అబద్ధం ఎందుకాడాలి, కొండ మీద” అని వెళ్ళి పీట మీద కూర్చున్నారు.

క్షురకుడు తల తడిపి, వేళ్ళతో తడిమి, ఆగిపోయాడు. “ఏటి బాబూ, ఈ బిళ్ళలు?”

“నాటినారు.”

“జుట్టు నాటతారేటి!”

“ఉభాలు లాగ.”

“అలగైతే నాను కోతకొచ్చినానన్నమాట” అని అతను నవ్వి, గోవిందా అని కత్తి పెట్టాడు. ఆ కుచ్చులన్నీ ఒక్కొక్కటే ఆయన ఒళ్ళో పడ్డాయి. ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను తెరుచుకునే ఉన్నాను. పొట్లం విప్పి అందులోదీ ఆ నీలాల్లోనే కలిపేశాను.

గుండు మీద గంధం అమ్మాయే రాసింది. ఆసుపత్రి మంచం మీద నా వేలు పట్టుకోలేకపోయిన ఆ చెయ్యి, ఇప్పుడు తండ్రి తల నిండా పరుచుకుంది. “నాన్నా, కదలకు. సుక్కలు పెట్టినారు గానీ ముగ్గెయ్యడం మర్సిపోనారు” అని ఆ మచ్చల్ని కలుపుతూ గంధంతో గీతలు గీసింది. ఏడాదంతా గంధంలో ఉండే స్వామి దగ్గరికి మేం అలాగే వెళ్ళాం. గుళ్ళో కప్పస్తంభాన్ని మొక్కుగా కౌగిలించుకున్నప్పుడు ఆయన తల గంధం దానికి కొంచెం అంటింది.

ఖరగ్‌పూర్‌లో ఇల్లు చేరేసరికి పక్క దీదీ గోడ మీద నుంచి చూసి, “నేను అప్పుడే చెప్పినాను!” అంది గొప్పగా. చెప్పింది నిజమేనని ఆవిడకి ప్రసాదం ఇచ్చాను.

ఆ చలికాలం మావారు మళ్ళీ టోపీ పెట్టుకున్నారు గాని అద్దం మాత్రం తీయలేదు. నూనె వల్ల ఏమీ రాదని పెద్ద డాక్టరుగారు చెప్పినా, ఆదివారాలు నేను కొంచెం రాసేదాన్ని. రాస్తుంటే ఒకరోజు అరచేతికి గరుగ్గా తగిలింది. ముందువైపే.

“ఏటి, ఆగిపోనావు?” అన్నారాయన.

“వొస్తున్నాది” అన్నాను.