పోలమ్మత్త జాగా

కొన్నేళ్లుగా దీపం పెట్టేటప్పుడు అమ్మవారి ముఖంలోకి చూడలేకపోతున్నాను. పాదాలకు దణ్ణం పెట్టుకుని లేచి వచ్చేస్తాను. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెబుతాను.

మాది విశాఖ రేవు దాటాక సముద్రం ఒడ్డు పల్లె. మరుగుదొడ్లు లేక ఆడవాళ్లం చీకటి పడేదాకా బిగబట్టుకున్న రోజులున్నాయి. చివరికి అందరం కలిసి కట్టుకున్నాం. మగవాళ్లు వేట మానుకుని గోతులు తవ్వారు, మేం ఇటుకలు మోశాం. ఆ మేలు తలుచుకోని రోజు లేదు. అయితే మొదట ముగ్గు పోసి గుర్తు పెట్టింది మా వంటింటి వెనక ఖాళీలో. గోడకు ఇవతల నా దేవుడి గూడు. నాకు మనసొప్పలేదు. ఆ మాటే అనుంటే సరిపోయేది.

అనలేదు. అమ్మవారు కలలోకి వచ్చిందన్నాను. అక్కడ వద్దు, పోలమ్మ చేపలు ఎండబెట్టే జాగాలో కట్టమందన్నాను. ఇంట్లోనే చదువు నేర్చుకుని, ఊరికి పురాణం చదివి వినిపించేదాన్ని. నా మాట ఎవరూ కాదనరు. కలలో అమ్మవారు కట్టిన చీర రంగు కూడా చెప్పాను. ఆ రంగు నా నోటికి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇప్పటికీ అంతుపట్టదు. అబద్ధమాడేవాళ్లకు గొంతు వణకాలి కదా, నాది ఎందుకు వణకలేదు?

పోలమ్మత్త భర్త లేని మనిషి. ఎండుచేపలే బతుకు. గొడవ పడుతుందనుకున్నాను. దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

“ఏటే అమ్మీ, అమ్మోరు నా పేరెట్టి సెప్పిందేటి?”

“పేరు పెట్టే చెప్పింది అత్తా.”

“ఈది సివర ముసిల్దాన్ని, నానంటే ఆవిడికి ఎరికేనన్నమాట.” నవ్వింది. “మరి ఆ ముక్క నాకే సెప్పొచ్చు గదా. నా ఇంట సేపల కంపనేటి, నీ కాడికొచ్చింది?”

అక్కడే కట్టారు. ఇప్పుడు ఆమె చేపలు తారురోడ్డు పక్కన ఎండుతున్నాయి. బండి పోయినప్పుడల్లా దుమ్ము పడుతుంది. వన్ టౌన్ వ్యాపారి గంపలో చెయ్యి పెట్టి పెదవి విరుస్తాడట. ఆమె మాత్రం అమ్మవారు అడిగితే ఇచ్చానని అందరికీ చెప్పుకుంటుంది.

నిజం చెబితే ఆ జాగా తిరిగి రాదు, ఆ నవ్వూ పోతుంది. నోరు విప్పకపోవడం ఆమె మీద జాలా, నా పరువు మీద మమకారమా? తరచి చూసుకుంటే రెండోదే ఎక్కువ కనబడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. ఇంతకాలం నాలోపల కూడా పూర్తిగా అనుకోని మాట ఒకటి ఉంది, దాన్ని ఇక్కడ పెట్టేస్తున్నాను.

అమ్మవారు పోలమ్మత్తను ఏమీ అడగలేదు. అడిగింది నేను.