ఇద్దరి మాటకు ఏడుగురు పెద్దలు

మగవాడు తన కాపురాన్ని తానే చెడగొట్టుకోవడానికి చాలా మార్గాలున్నాయి. తాగొచ్చు, పేకాట ఆడొచ్చు, సన్యాసుల్లో కలవొచ్చు. నేను వీటిలో ఒక్కటీ చేయలేదు. నేను జిరాక్స్ తీశాను. మొత్తం ఎనిమిది కాపీలు. దాంతో మా సంసారం ఆదోనిలో ఒక సోమవారం పొద్దున, పదిన్నరకూ పదకొండుకూ మధ్య, కూలిపోయేదాకా వచ్చింది. మీరు మొహమాటపడకుండా నవ్వండి. నా భార్య మూడేళ్లుగా నవ్వుతూనే ఉంది.

ఆస్పరిలో నాకొక జిరాక్స్ అంగడి ఉంది. దరఖాస్తులు రాసిపెడతాను, కాపీలు తీసిస్తాను. నా భార్య నాగవేణిది ఎమ్మిగనూరు. వాళ్ల నాన్న మగ్గం నేస్తాడు. పెళ్లైన కొత్తలో ఒకరోజు అన్నం తింటూ ఆమె నాతో ఒక మాట చెప్పింది.

"మా ఇంట్లో తెల్లారుజామునుంచే మగ్గం సప్పుడు ఉంటాది. ఈడ ఏ సప్పుడూ లేదు. నాకు నిద్ర పట్టడం లే."

భార్య అలా చెబితే తెలివైన భర్త ఏం చేస్తాడో నాకు తెలియదు. నేను మాత్రం చెయ్యి కడుక్కుని నేరుగా మా పెద్దనాయన ఇంటికి వెళ్లి ఆ మాట అప్పజెప్పాను.

మా పెద్దనాయన హనుమంతప్ప సామాన్యుడు కాదు. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఆలుమగలు తగాదా పడినా పంచాయితీకి ఆయన్నే పిలుస్తారు. మగపిల్లవాడి తరపువాళ్లు ఒకవైపు, ఆడపిల్ల తరపువాళ్లు ఇంకోవైపు కూర్చుంటారు. మధ్యలో ఆయన. మాట్లాడేది పెద్దలు. మొగుడూ పెళ్లాం తలలు వంచుకుని వింటారు. తాము ఎందుకు కొట్లాడుకున్నారో వాళ్లకు మొదటిసారి వివరంగా తెలిసేది అక్కడే.

మధ్యాహ్నానికల్లా వీధి మొత్తానికి నాగవేణి నిద్ర గురించి తెలిసిపోయింది. మా పెద్దమ్మ నిమ్మకాయలు తెచ్చి గడపకు కట్టింది. ఎదురింటావిడ వచ్చి "ఎవుర్నన్నా తలుసుకుంటాండావామ్మా?" అని అడిగి, జవాబు రాకముందే అయ్యో అంది. పెద్దనాయన టేపు తెచ్చి మా నట్టింటిని కొలిచాడు.

"గుంత మగ్గం పెట్టల్లంటే జాగా సాలదురా" అని తీర్పు చెప్పాడు.

"నేను మగ్గం అడగల్యా, పెద్దనాయనా" అంది నాగవేణి.

"నువ్వు అడగకపోయినా మాకు తెలుస్తాదిలేమ్మా" అన్నాడాయన.

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదన్న సంగతి కూడా సాయంత్రం పెద్దనాయనకు చెప్పాను.

ఇంకోసారి పెద్దమ్మ పంపిన బొరుగుల ఉగ్గానిలో ఉప్పు తక్కువైందని ఆమె నాతో మెల్లగా అంది. మర్నాడు పెద్దమ్మ పంపిన ఉగ్గానిని మా ఇంటి ముందు తిరిగే మేక కూడా ముట్టలేదు. ఇలా రెండేళ్లు గడిచాయి. నాగవేణి నాతో మాట్లాడటం తగ్గించింది. కాపురం కుదురుకుంటోందని నేను సంతోషించాను.

ఒకరోజు ఆమె బ్యాగు సర్దుకుంది.

"యాటికి పోతాండావు?"

"మా ఊరికి."

"ఏంటికి?"

"నీకు సెప్తే ఊరంతా తెలుస్తాది" అని బస్సెక్కింది.

నలభై రోజులు రాలేదు. అంగడి మూసి ఇంటికొస్తే నాకు ఏ గదిలో కూర్చోవాలో తెలిసేది కాదు. నాకు ఆమె కావాలి. ఊళ్లో అందరికీ అన్నీ చెప్పినవాణ్ణి, ఆమెకు చెప్పాల్సిన ఆ ఒక్క మాటా ఆమెకే చెప్పలేదు.

అప్పుడు నాగవేణి నాన్న, మా మామ, ఫోన్ చేశాడు. "సోమవారం పదికి ఆదోనికి రా నాయనా. ఆడ కౌన్సెలింగ్ సేసే మేడం ఉండాదంట. పాప వస్తాది. ఆ మేడం మీతో మాట్లాడతాదంట. ఇది కూడా కుదరకపోతే ఇంక నేనేం సెయ్యలేనప్పా."

ఆఖరి మాటకు భయమేసింది. మొదటి మాటలకు ధైర్యం వచ్చింది. ఆలుమగల తగాదా, మధ్యలో ఒక పెద్దమనిషి. ఇది పంచాయితీ కాకపోతే ఇంకేమిటి? పంచాయితీకి ఒంటరిగా ఎవడైనా వెళ్తాడా? పెద్దనాయనకు చెప్పాను. ఆయన మీసం సవరించుకున్నాడు.

"ఆదోనోళ్లు కాయితం సూస్తారురా. నోటిమాట నమ్మరు. రాసుకో" అన్నాడు.

రాశాను. వృత్తిరీత్యా నాకు రాయడం ఆరంభిస్తే ఆపడం తెలియదు. "కౌన్సెలింగ్ మేడం గారి దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టి, నాగవేణి మీద పదకొండు ఫిర్యాదులు రాశాను. నాలుగోది, పెద్దనాయన జోకులకు నవ్వదు. ఏడోది, గోడవైపు తిరిగి పడుకుంటుంది. రెండు ఫిర్యాదులు పెద్దనాయన స్వయంగా కలిపాడు, ఎందుకంటే తొమ్మిది సరిసంఖ్య కాదన్నాడు. పదకొండు కూడా కాదని ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. తర్వాత తలా ఒక కాపీ తీశాను. పెద్దలు ఏడుగురికి ఏడు, ఎనిమిదోది మేడం గారికి.

సోమవారం పెద్ద ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. పెద్దనాయన, పెద్దమ్మ, మా మేనమామ, ఇంకో నలుగురు పెద్దలు. అందరూ ఉతికిన బట్టల్లో ఉన్నారు. పెళ్లికి తరలిపోతున్నట్టే ఉంది, పెళ్లికూతురు తప్ప అందరమూ ఉన్నాం.

ఆదోనిలో ఆ ఆఫీసు ముందు వరండాలో నాగవేణి ఒక్కతే కూర్చుని ఉంది. ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చిందట. ఆమె కొంచెం చిక్కింది. నన్ను చూసి లేచి నిలబడింది. ముఖంలో ఏదో వెలుగొచ్చింది కూడా. నా వెనక ఆటోలోంచి ఒక్కొక్కరే దిగుతున్నకొద్దీ ఆ వెలుగు తగ్గుతూ వచ్చింది. ఏడో మనిషి దిగేసరికి పూర్తిగా పోయింది.

పెద్దనాయన నా చెవిలో అన్నాడు. "పిల్ల తరపున ఒక్కరూ లేర్రా. మనదే గెలుపు."

లోపలినుంచి షాహీన్ మేడం వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకున్న నెమ్మదైన మనిషి.

"వీళ్లందరూ ఎవరండీ?"

"మా తరపువాళ్లు మేడం."

"ఏ తరపు?"

నేను వెనక్కి తిరిగి పెద్దనాయనను చూశాను. పెద్దనాయన ముందుకొచ్చాడు. "నాయం సెప్పనీకి నలుగురు ఉండల్ల కదమ్మా."

"ఇక్కడ న్యాయం చెప్పం పెద్దాయనా. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు. నేను దగ్గరుంటాను, అంతే."

"మొగుడూ పెండ్లాం మాట్లాడుకోనీకి ఆస్పరి నుంచి ఆదోని దాకా రావల్నా?"

"వాళ్లను చూస్తే రావాల్సినట్టే ఉంది" అంది మేడం. పెద్దల్ని వరండాలో కూర్చోబెట్టి, మా ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్లింది.

లోపల మూడు కుర్చీలున్నాయి. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"కూర్చోండి. మీ బాధేమిటో ఆమెతో చెప్పండి."

నేను మేడం వైపు తిరిగి కాగితం తీశాను. "ఒకటో ఫిర్యాదు మేడం..."

"నాకు కాదు, ఆమెకు."

నాగవేణి వైపు తిరిగాను. రెండేళ్ల కాపురంలో ఆమె ముఖం అంత దగ్గరగా, అంతసేపు చూసింది అప్పుడే. చదవాల్సింది మర్చిపోయాను. ఆమే చెయ్యి చాపి కాగితం తీసుకుంది.

"ఇది ఎవురు రాసినారు?"

"నేనే. రెండు మాత్రం పెద్దనాయన కలిపినాడు."

"ఎవురెవురు సదివినారు?"

జవాబు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మా మేనమామకు చదువు రాదు. వరండాలో పెద్దనాయన ఆయన కోసం గట్టిగా చదువుతున్నాడు. కిటికీ తెరిచే ఉంది.

"ఏడోది! గోడ తట్టు తిరిగి పండుకుంటాది!"

"ఎప్పట్నుంచి?" అన్నాడు మేనమామ.

"తేదీ రాయలేదప్పా."

"ఈ పక్కకన్నా తిరగచ్చు కదా" అన్నది కొత్త గొంతు. అది మా ఆటో డ్రైవరుది. అతనికి నేను కాపీ ఇవ్వలేదు. ఎవరో చూపించినట్టున్నారు.

నాగవేణి కాగితం మడిచి నా ఒళ్లో పెట్టింది. బ్యాగు తీసుకుని లేచింది. "సాలు మేడం. నేను పోతాను" అంది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే నేను తట్టుకునేవాణ్ణి.

మేడం వెళ్లి కిటికీ మూసింది. "పోవచ్చమ్మా. ఎవరూ ఆపరు. పోయేముందు ఒక్కటి, మీ మనసులో ఉన్నది ఒకసారి ఆయనకు చెప్పండి. ఆయన మధ్యలో మాట్లాడరు. విని, విన్నది తిరిగి మీకే చెబుతారు. సరిగ్గా విన్నారో లేదో మీరే చూడండి."

నాగవేణి నిలబడే చెప్పింది. "మగ్గం సప్పుడు లేదని సెప్పింది మగ్గం కోసం కాదు. మా ఇల్లు గుర్తొస్తాందని. నువ్వు పక్కన కూసోని రెండు మాటలు మాట్లాడతావేమో అని. నీకు ఏం సెప్పినా బజార్లో పెడతావు. నాకంటూ ఒక మనిషి లేకుండా పోయినాడు ఆ ఇంట్లో."

"ఇప్పుడు మీరు చెప్పండి" అంది మేడం నాతో.

ఎస్ఎస్‌సీ పబ్లిక్ పరీక్షల్లో కూడా నేను అంత తడబడలేదు. "ఆమెకు ఇల్లు గుర్తొచ్చింది" అన్నాను. "నాతో సెప్పుకుంది. నేను... టేపు పెట్టి కొలిపించినాను."

"ఇంకా?"

"ఆమె సెప్పిన మాట నా దగ్గర నిలవదు. అందుకే సెప్పడం మానుకుంది." అక్కడికి నాకు సిగ్గేసింది. నేను ఎవరి మీద రాశానో, ఎంతమందికి పంచానో అప్పుడు తెలిసింది. "నువ్వు లేకపోతే నాకు యాడ కూసోవల్లో తెలీడం లే" అన్నాను, మేడం అడక్కపోయినా.

నాగవేణి కూర్చుంది.

ఇంకో గంట మాట్లాడుకున్నాం. మేడం ఎవరిది తప్పో చెప్పలేదు. నేను రెండుసార్లు అడిగాను కూడా. ఒకరు మాట్లాడితే ఇంకొకరిని వినమంది, విన్నది చెప్పమంది, ఇంటికెళ్లాక రోజుకు అరగంట అదే పని చేయమంది. పదిహేను రోజులకు మళ్లీ రమ్మంది. "ఇద్దరే రండి" అని నొక్కి చెప్పింది.

బయటికి రాగానే పెద్దలంతా లేచారు. "ఏం తీర్పయిందిరా?" అన్నాడు పెద్దనాయన.

నా నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. నాగవేణి నన్నే చూస్తోంది. నోరు మూసుకోవడానికి నా శక్తి మొత్తం పట్టింది.

"ఏమీ లేదు పెద్దనాయనా."

"ఏమీ లేకుండా గంటన్నర ఏం సేసినారు?"

"మాట్లాడుకున్యాం."

"ఏం మాట్లాడుకున్యారు?"

"మాట్లాడుకున్యాం."

పెద్దనాయన నా నుదురు ముట్టి చూశాడు, జ్వరమేమోనని. తర్వాత అందరూ వెళ్లి ఆటోలో ఎక్కి కూర్చున్నారు. పొద్దున ఎట్లా కూర్చున్నారో అట్లాగే, మోకాలికి మోకాలు ఆనించుకుని. డ్రైవరు పక్కన నాకు అరచెయ్యంత చోటు మిగిలింది.

నాగవేణి బ్యాగు పట్టుకుని ఆటో చుట్టూ ఒకసారి నడిచి చూసింది.

"నన్ను పిల్సుకపోనీకి వచ్చినావు కదా. నాకు జాగా యాడ పెట్టినావు?"

ఏడుగురు పెద్దలూ నా వైపు చూశారు. ఒక్కరూ తీర్పు చెప్పలేదు. ఆటోను పంపేశాను. మేమిద్దరం బస్టాండుకు నడిచి ఆస్పరి బస్సెక్కాం. బస్సులో ఆమె నాకొక మాట చెప్పింది. మా పెళ్లైన తర్వాత నేను విన్న మాటల్లో అంత మంచి మాట ఇంకొకటి లేదు. అదేమిటో పెద్దనాయన ఇప్పటికీ అడుగుతాడు. మీరూ అడగొద్దు.

ఈ కథంతా నాగవేణి చదివి, మూడు వాక్యాలు కొట్టేసి, మిగిలింది రాసుకోమంది. చివర మాత్రం నా వృత్తి పద్ధతిలో ఒక పత్రం రాసివ్వమంది. రాసిచ్చాను:

"ఆస్పరి మండల వాస్తవ్యుడనగు నేను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణము చేయునది ఏమనగా: నా భార్య నాకు చెప్పిన మాటను ఇకమీదట పెద్దలకుగానీ, పిన్నలకుగానీ, ఆటో డ్రైవర్లకుగానీ చెప్పను, రాయను, కాపీ తీయను.

సాక్షులు: ఎవరూ లేరు."